మార్ఫాన్ అనుమానం: పిల్లాడితో పాటు అమ్మకూ ఎకో తీయాలి

పలమనేరు వైపు నుంచి ఒకమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అబ్బాయికి 15 ఏళ్లు. ఇప్పటికే ఆరడుగులు దాటాడు, బక్కపలచగా ఉంటాడు. చిన్నప్పటి నుంచి కళ్లద్దాలు, ఏటేటా నంబరు పెరుగుతోంది. ఈమధ్య తిరుపతిలో కళ్లు చూపిస్తే రెండు కళ్లలోనూ లెన్సు పైకి జరిగిందని చెప్పి, చీటీ మీద 'మార్ఫాన్? గుండె ఎకో చేయించాలి' అని రాసిచ్చారు. స్కూల్లో పీఈటీ సారేమో వాలీబాల్ జట్టులోకి రమ్మంటున్నారు. ఆమె అన్నయ్యది కూడా ఇదే పొడవు, ఇదే ఒళ్లు. 38 ఏళ్లప్పుడు ఒక సాయంత్రం ఛాతీలో, వీపులో నొప్పి అంటూ కూలబడ్డాడు. గ్యాసు అనుకుంటుండగానే ప్రాణం పోయింది. హార్ట్ ఎటాక్ అని చెప్పారు. ఆమెది మేనరికం, భర్త సొంత మేనత్త కొడుకు. అన్న కూతుర్ని ఈ అబ్బాయికే చేసుకోవాలని పెద్దలు అనుకుంటున్నారు. అత్తగారు నాగదోషం అంటున్నారు. ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బేనా, మందుందా, ఆట మాన్పించాలా అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. మీరు అడగనిది మాత్రం ముందు చెప్పాలి. అబ్బాయికి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించే ప్రయాణంలోనే మీరూ తీయించుకోండి. మీ ఆయన కూడా.

మార్ఫాన్ అనేది ఒక తరం నుంచి ఇంకో తరానికి నేరుగా దిగే జబ్బు. అమ్మానాన్నల్లో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. మగపిల్లా, ఆడపిల్లా అన్న తేడా లేదు. నలుగురు రోగుల్లో ఒకరికి మాత్రం ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. మీ ఇంట్లో మేనమామకు, మేనల్లుడికి ఒకే పోలిక కనిపిస్తోంది. మీ అన్నకు ఉన్నది ఇదే అయితే, అది మీ అబ్బాయి దాకా రావడానికి ఎక్కువగా కనబడే దారి మీరే. మీ అన్నకు మీ నాన్న వైపు నుంచి వచ్చి ఉంటే, మీ ఆయన తల్లి మీ నాన్న తోబుట్టువే కాబట్టి అటు నుంచి కూడా రావచ్చు. అందుకే ఇద్దర్నీ చూడాలి అంటున్నాను. 'నేను పొడుగు లేను, నాకు కళ్లద్దాలు లేవు' అని మీకు అనిపించవచ్చు. ఒకే ఇంట్లో ఒకే జన్యు లోపం ఒకరికి కళ్లలో, ఒకరికి వెన్నులో, ఒకరికి గుండెలో ఎక్కువగా బయటపడుతుంది. పిల్లల పరీక్షతో పాటే తల్లికో తండ్రికో ఉన్న సంగతి తెలిసిన ఇళ్లు నేను తిరుపతిలో చాలా చూశాను.

జబ్బు అసలు ఎక్కడ ఉంటుందో చెబుతాను. ఒంట్లో కణాలనూ కండరాలనూ ఒకదానితో ఒకటి పట్టి ఉంచే కణజాలం ఉంటుంది. దానికి సాగే గుణం, బిగువు ఇచ్చే పోగుల్లో ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్ ఒకటి. దాన్ని తయారుచేసే ఎఫ్‌బీఎన్1 జన్యువు 15వ క్రోమోజోములో ఉంది. ఆ సంగతి 1991లో తేలింది. జబ్బును మొదట వర్ణించింది పారిస్ పిల్లల డాక్టరు ఆంట్వాన్ మార్ఫాన్, 1896లో. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. ఆ ప్రోటీన్ సరిగా లేనప్పుడు ఎముకలు పొడుగ్గా సాగుతాయి, కంటిలో లెన్సును పట్టి ఉంచే సన్నని దారాలు వదులవుతాయి, గుండె కవాటాలు సాగిపోతాయి. ఇవన్నీ ఇబ్బందులే కానీ సాధారణంగా ప్రాణం తీసేవి కావు. ప్రాణం తీసేది బృహద్ధమని, ఇంగ్లీషులో అయోర్టా. గుండె నుంచి బయలుదేరి ఒళ్లంతటికీ రక్తం పంపే పెద్ద నాళం అది. గుండెకు దగ్గరగా దాని మొదట్లోనే గోడ కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. బలహీనపడిన చోట సైకిల్ ట్యూబు బుడగలా లేచినట్టు. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. ఒకరోజు లోపలి పొర చీలుతుంది. మీ అన్నకు జరిగింది ఇదేనని పోస్టుమార్టం లేకుండా ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆ వయసు, ఆ ఒడ్డూ పొడుగూ, ఛాతీతో పాటు వీపులో నొప్పి అని మీరు రాసింది చదివాక, చీలిక కాదని తేలేదాకా చీలికే అనుకుని మిగతావాళ్లను కాపాడుకోవాలి.

నాగదోషం మాట. శ్రీకాళహస్తిలో పూజ చేయించాలని అత్తగారు అంటే చేయించండి, ఆమె మనసుకు ధైర్యం. ఎకో తేదీ మాత్రం దానికోసం వెనక్కి జరపొద్దు. మీ అబ్బాయికి ఇది రావడానికి మీరు చేసిన పాపం గానీ, కడుపుతో ఉన్నప్పుడు తిన్నది గానీ, చూసిన గ్రహణం గానీ కారణం కాదు.

ఇంట్లోనే చూసుకోగల గుర్తులు కొన్ని ఉన్నాయి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి మిగతా వేళ్లతో పిడికిలి బిగించమనండి. బొటనవేలి గోరు మొత్తం చిటికెన వేలి వైపు బయటికి పొడుచుకు వస్తే అది ఒక గుర్తు. ఒక చేతి బొటనవేలు, చిటికెన వేలుతో రెండో చేతి మణికట్టును చుట్టి పట్టుకోమంటే, చిటికెన వేలి గోరు మీదికి బొటనవేలు పూర్తిగా ఎక్కితే ఇంకో గుర్తు. చేతులు రెండూ బారచాపి కొలిస్తే ఆ కొలత ఎత్తు కంటే బాగా ఎక్కువ ఉండటం, ఛాతీ ఎముక ముందుకు పొడుచుకు రావడం లేదా గుంటపడటం, వెన్ను పక్కకు వంగడం, చదునుపాదాలు, లావెక్కకుండానే నడుము దగ్గరో భుజాల మీదో చర్మంపై చారలు కూడా లెక్కలోకి వస్తాయి. 2010లో సవరించిన గెంట్ ప్రమాణాల ప్రకారం డాక్టర్లు వీటికి పాయింట్లు వేస్తారు. అందులో అన్నిటికంటే బరువున్నవి రెండు: బృహద్ధమని మొదలు ఉబ్బడం, కంటి లెన్సు జరగడం. పొడుగ్గా సన్నగా ఉన్న ప్రతి పిల్లాడికీ మార్ఫాన్ ఉండదు, చాలామందికి అది ఒంటి తీరు, అంతే. మీ వాడికి లెన్సు జరిగింది, ఇంట్లో చిన్న వయసు మరణం ఉంది. అందుకే ఆ కంటి డాక్టరు రాసిన ఒక్క వాక్యానికి అంత విలువ ఇస్తున్నాను. ఈ జబ్బును ముందు పట్టుకునేది చాలాసార్లు కంటివాళ్లే.

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇక్కడ ఒక పరీక్ష తప్పనిసరిగా అడగాలి. హోమోసిస్టిన్యూరియా అని ఇంకో జబ్బు ఉంది. పైకి చూడ్డానికి అచ్చం మార్ఫాన్‌లాగే ఉంటుంది: పొడుగు, సన్నని కాళ్లు చేతులు, లెన్సు జరగడం. కానీ ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం వస్తేనే పుట్టే జబ్బు. దగ్గరి సంబంధాల్లో ఎక్కువ కనబడేది అందుకే. ఇందులో లెన్సు సాధారణంగా కిందికి జరుగుతుంది, మార్ఫాన్‌లో పైకి. కొందరికి చదువులో వెనుకబాటు ఉంటుంది. రక్తనాళాల్లో గడ్డలు కట్టడం దీని అసలు ప్రమాదం. తేడా తెలుసుకోవడం ఎందుకంటే వైద్యం పూర్తిగా వేరు. రోగుల్లో సుమారు సగం మందికి బీ6 విటమిన్‌తోనే మంచి గుణం కనిపిస్తుంది, మిగతావాళ్లకు ప్రత్యేకమైన ఆహార నియమం కావాలి. రక్తంలో హోమోసిస్టీన్ ఎంత ఉందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. బీ6 ఉన్న టానిక్కులు, బీకాంప్లెక్స్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పండి, ఫలితం తప్పుదారి పట్టవచ్చు. మీ వాడికి లెన్సు పైకి జరిగింది కాబట్టి మార్ఫాన్ వైపే మొగ్గుతున్నాను. అయినా మీది మేనరికం కదా, ఈ పరీక్ష వదలొద్దు.

ఎక్కడికి వెళ్లాలి? తిరుపతిలో పిల్లల గుండె కోసం శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి నడుస్తోంది. పెద్దవాళ్లకు స్విమ్స్‌లో కార్డియాలజీ ఉంది. వెన్ను, పాదాలు, ఛాతీ ఎముక చూడటానికి బర్డ్ ఆస్పత్రి ఉంది. జన్యు పరీక్ష, దాని గురించి కుటుంబంతో కూర్చుని మాట్లాడే విభాగం కావాలంటే చిత్తూరు, పలమనేరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. జన్యు పరీక్ష ముందు అబ్బాయికే చేయించాలి. అతనిలో ఏ మార్పు ఉందో తేలితే మిగతా ఇంటివాళ్లకు ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే సరిపోతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. జన్యు పరీక్షకు డబ్బు కుదిరేదాకా ఎకో మాత్రం ఆపకండి.

ఎకో గురించి కాస్త వివరంగా చెబుతాను, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. క్యాంపుల్లో, చిన్న సెంటర్లలో తీసిన ఎకో రిపోర్టులో 'గుండె పంపింగ్ బాగుంది, నార్మల్' అని ఉంటుంది. బృహద్ధమని మొదలు ఎన్ని మిల్లీమీటర్లో ఉండదు. ఆ నార్మల్ మీకు పనికిరాదు. లోపలికి వెళ్లేముందే 'మార్ఫాన్ అనుమానం, అయోర్టా రూట్ కొలత కావాలి, సైనస్ దగ్గర కొలవండి' అని చెప్పండి, చీటీలో రాయించుకోండి. రూట్ అంటే ధమని మొదలు, సైనస్ అంటే ముక్కుది కాదు, ఆ మొదట్లోనే ఉండే ఒక భాగం. పెరిగే పిల్లలకు ఆ సంఖ్యను ఎత్తు బరువులతో పోల్చి జెడ్ స్కోరుగా చెబుతారు. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఉబ్బినట్టు లెక్క. మొదటి ఎకో తర్వాత ఆరు నెలలకు ఇంకొకటి తీస్తారు, ఎంత వేగంగా పెరుగుతోందో తెలియడానికి. నిలకడగా ఉంటే ఆ తర్వాత ఏడాదికొకటి. మొత్తం ధమనిని చూడ్డానికి అప్పుడప్పుడు సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అడుగుతారు. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టండి. ఒక్క సంఖ్య కంటే సంఖ్యల వరస డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

మందుంది. జబ్బును తీసేసే మందు కాదు, ఉబ్బడాన్ని నిదానం చేసే మందు. రెండు రకాలు వాడతారు: గుండె కొట్టుకునే వేగాన్ని, దెబ్బ బలాన్ని తగ్గించే అటెనోలాల్ లాంటి బీటా బ్లాకర్లు, లేదా లోసార్టాన్ రకం. ఈ రెంటిలో ఏది మేలని పిల్లల్లో, యువకుల్లో పెద్ద పరీక్ష చేసి 2014లో ఫలితం చెప్పారు, ధమని పెరిగే వేగంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఎవరికి ఏది పడుతుందో చూసి ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్లు పడకపోవచ్చు, ముందే చెప్పండి. రెండూ పెద్ద ఖరీదైన మందులు కావు. కష్టమల్లా బాగున్న పిల్లాడిచేత రోజూ, ఏళ్ల తరబడి మాత్ర మింగించడమే. 'బీపీ లేదు కదా, బీపీ మాత్ర ఎందుకు' అని చుట్టాలు అంటారు. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, ఎవరి మాటా విని ఆపొద్దు.

ఆపరేషన్ మాట ఇప్పుడే భయపడేది కాదు, కానీ తెలిసి ఉండాలి. పెద్దవాళ్లలో ధమని మొదలు కొలత 50 మిల్లీమీటర్లకు చేరితే ఆపరేషన్ చేస్తారు. ఇంట్లో చీలికతో ఎవరైనా పోయి ఉన్నా, వేగంగా పెరుగుతున్నా 45 దగ్గరే ఆలోచిస్తారు. మీ అన్న కథ డాక్టరుకు తప్పక చెప్పాలన్నది ఇందుకే, అది కొలమానాన్నే మార్చేస్తుంది. ఉబ్బిన భాగాన్ని తీసి కృత్రిమ గొట్టం పెడతారు. కవాటం కూడా పాడైతే బెంటాల్ పద్ధతిలో రెండూ మారుస్తారు. లోహపు కవాటం పెడితే జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పవు. కవాటం బాగుంటే దాన్ని అలాగే ఉంచి చేసే డేవిడ్ పద్ధతి కూడా ఉంది. 10 పెద్ద ఆస్పత్రుల్లో 675 మంది మార్ఫాన్ రోగుల ఆపరేషన్లను లెక్కగట్టి 1999లో ప్రచురించారు. ముందే అనుకుని చేసినవాటిలో నెల లోపు చనిపోయినవాళ్లు నూటికి 1.5, ప్రాణం మీదికొచ్చాక హడావుడిగా చేసినవాటిలో 11.7. ఏటా ఎకో ఎందుకని ఎవరైనా అడిగితే ఈ రెండు సంఖ్యలు చెప్పండి. 1972లో వచ్చిన లెక్క ప్రకారం ఈ జబ్బున్నవాళ్లు చనిపోయే సగటు వయసు 32. ఇప్పుడు సమయానికి పట్టుకుని చూసుకున్నవాళ్లు అందరిలాగే 70 దాకా బతుకుతున్నారు.

ఇక వాలీబాల్. మాన్పించాల్సిందే, ఎకో వచ్చేదాకా అయితే రేపటి నుంచే. అమెరికాకు 1984 ఒలింపిక్స్‌లో వాలీబాల్ రజతం తెచ్చిన జట్టులో ఫ్లో హైమన్ అనే ఆమె ఉండేది, ఆరడుగుల అయిదంగుళాల మనిషి. 1986 జనవరిలో జపాన్‌లో ఆట మధ్యలో బెంచీ మీద కూర్చుని కుప్పకూలిపోయింది. వయసు 31. పోస్టుమార్టంలో బృహద్ధమని చీలిందని, మార్ఫాన్ అని తేలింది. అంతవరకూ ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆమె తమ్ముడికి పరీక్ష చేస్తే అతనికీ ఉందని తేలి, ఆపరేషన్ చేసి కాపాడారు. పీఈటీ సారుకు ఈ సంగతి చెప్పండి, డాక్టరు ఉత్తరం చూపించండి. పొడుగు పిల్లలు జట్టులోకి కావాలనుకునే సార్లే ఈ జబ్బును ముందు గమనించగలిగినవాళ్లు కూడా. ఒక్కసారిగా దూకడం, పరుగులు, బరువులెత్తడం, దండీలు, కబడ్డీ లాంటి ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆటలు వద్దు. లెన్సు జరిగిన కళ్లకు బంతి దెబ్బ ఇంకో ప్రమాదం. జిమ్ము అసలే వద్దు. నడక మంచిది, తీరిగ్గా సైకిల్ తొక్కడం, ఈదడం మంచిది. పక్కవాడితో మాట్లాడుతూ చేయగలిగినంత వరకు ఏదైనా పర్వాలేదు. మూలన కూర్చోబెట్టకండి. స్కోరు రాసే పనైనా సరే, ఆట దగ్గర చోటు ఉండాలి వాడికి. 15 ఏళ్ల పిల్లాడికి అది చిన్న విషయం కాదు.

కొండ నడక గురించి మన వైపు అందరూ అడుగుతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానమే చెబుతుంది. ధమని కొలత చూసి కార్డియాలజిస్టు సరే అంటేనే, అదీ బరువు మోయకుండా, ఆగుతూ ఆగుతూ. పందెం వేసుకుని ఎక్కడం, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కడం వద్దు. మొక్కుకుని ఉంటే బస్సులో వెళ్లి తీర్చుకోండి.

మందుల షాపు దగ్గర ఒక జాగ్రత్త. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్కులు బృహద్ధమని చీలిక ప్రమాదాన్ని పెంచవచ్చనీ, మార్ఫాన్ లాంటి జబ్బులున్నవాళ్లకు వేరే దారి ఉంటే ఇవ్వొద్దనీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. మన దగ్గర విరేచనాలైతే షాపువాళ్లు చేతికిచ్చే మాత్రల్లో ఓఫ్లాక్సాసిన్ చాలాసార్లు ఉంటుంది. అబ్బాయి ఫోన్లో ఈ పేర్లు రాసిపెట్టండి.

అర్ధరాత్రి ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా, మొదటి నిమిషంలోనే భరించలేనంతగా, చించుతున్నట్టు నొప్పి వస్తే జెలూసిల్ తాగించి చూడొద్దు. 108కు ఫోన్ చేయండి. చేరిన చోట మొదటి మాటే 'మార్ఫాన్ ఉంది, అయోర్టా చీలిందేమో, సీటీ యాంజియో తీయండి' అనండి. ఈసీజీ మామూలుగా ఉన్నా చీలిక ఉండవచ్చు. హార్ట్ ఎటాక్ అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే చీలికలో అది ప్రాణాంతకం. ఆ మాట రాసిన కార్డు పర్సులో ఉంచండి. నొప్పి ఒక పక్కనే ఉండి ఆయాసం ముంచుకొస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు, పొడుగు సన్నని ఈ పిల్లలకు అదీ వస్తుంది. దానికీ పరుగు ఆస్పత్రికే. కంటిముందు మెరుపులు, నల్లచుక్కలు, తెర జారినట్టు అయితే రెటీనా ఊడుతోందేమో, అదే రోజు కంటి ఆస్పత్రికి. మామూలుగా అయితే ఏటా ఒకసారి చుక్కల మందు వేసి కళ్లు చూపిస్తే చాలు. అద్దాలతో చూపు బాగున్నంత కాలం లెన్సు ఆపరేషన్‌కు తొందరలేదు.

చివరగా పెళ్లి. మీ అన్న కూతురికి ఈ జబ్బు వచ్చి ఉండే అవకాశం సగం, అన్నకు ఉన్నది ఇదే అయితే. పెళ్లి మాట పక్కనపెట్టి ముందు ఆ పిల్లకూ, ఆమె తోబుట్టువులకూ ఎకో, కంటి పరీక్ష చేయించండి. వదినగారికి ఈ సంగతి చెప్పడం మీకు కష్టమే, మీరు తప్ప చెప్పేవాళ్లు లేరు. ఇద్దరికీ జబ్బు ఉండి పెళ్లి చేస్తే ప్రతి కాన్పులో నలుగురిలో ఒకరికి రెండు వైపుల నుంచీ లోపం చేరుతుంది. ఆ బిడ్డల జబ్బు చాలా తీవ్రంగా ఉంటుంది. కాబట్టి ఈ సంబంధం వద్దనే నా సలహా, పరీక్షలు తేలేదాకా మాటే ఎత్తకండి. వేరే ఇంటి సంబంధం అయినా సగం అవకాశం సగమే. దాన్ని దాచి చేయకండి. కడుపులోని బిడ్డకు ముందే పరీక్ష చేసే వీలుంది, జన్యువులో మార్పు తెలిసి ఉంటే. ఆడపిల్లకు ఉంటే గర్భం దాల్చే ముందే ధమని కొలత చూడాలి. 45 దాటితే గర్భం ప్రాణం మీదికొస్తుంది, ముందు ఆపరేషన్ గురించి మాట్లాడాలి. లోసార్టాన్ గర్భిణులకు పనికిరాదు, బిడ్డను అనుకున్నప్పుడే డాక్టరును అడిగి మార్చుకోవాలి.

వెళ్లేటప్పుడు ఇవి తీసుకెళ్లండి: కంటి డాక్టరు చీటీ, మీ అన్న చివరి రోజు కాగితాలు ఏమన్నా మిగిలుంటే అవి, ఆయన నిలువెత్తు ఫోటో ఒకటి, మూడు తరాల వంశవృక్షం. ఎవరు పొడుగు, ఎవరికి కళ్లు, ఎవరు ఏ వయసులో ఎలా పోయారు, ఎవరిది మేనరికం అన్నది పెన్సిలుతో రాసినా చాలు. రేషన్ కార్డు, ఆధార్ కూడా పెట్టుకోండి, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో అడిగితే మీకు ఏది వర్తిస్తుందో చెబుతారు. ఎకో అయ్యాక మూడు రిపోర్టుల్లోనూ రూట్ కొలత ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి, లేకపోతే వెనక్కి వెళ్లి రాయించుకోండి. ఆ మూడు సంఖ్యలూ ఇక్కడ రాస్తే తర్వాత ఏం అడగాలో చెబుతాను.